మగ్గానికి బురద

మొన్నటి కార్తీకంల వచ్చిన తుఫానును మా ఇంటి మూడో మెట్టు కాడ ఆపినోన్ని నేను. వరంగల్లు మొత్తంల ఇంకెవ్వరు చెయ్యలే ఆ పని. పేపర్ల రాయలే గని, రాయాల్సిన ముచ్చటనే. నీళ్లు మొదటి మెట్టు ఎక్కినయి, ఊకున్న. రెండో మెట్టు ఎక్కినయి, చుట్ట ముట్టించిన. మూడో మెట్టు మీదికి రాంగనే చేతికట్టె అడ్డం పెట్టి, "ఆగు. ఎవలింటికి వచ్చినవ్? యాకయ్యను అడిగినవా?" అన్న. నీళ్లు ఆగినయి. జరసేపు ఆడనే నిలబడి సోంచాయించి, వచ్చిన తొవ్వనే మల్లిపోయినయి.

ఆ యాకయ్యను నేనే. డెబ్బయి నాలుగేండ్లు. నర్సంపేట అవతల ఒక పల్లెల ఏడో తరగతి దాక సదువుకున్న. మా సారు నన్ను నిలబెట్టి, "వీనికి ఎక్కాలు రావు గని, అబద్ధాలు పదహారో ఎక్కం దాక వచ్చు" అనేటోడు. తర్వాత వరంగల్లు వచ్చి నలభయ్యేండ్లు జంపఖానాలు నేసిన. మోకాళ్లు పోయినంక మగ్గం దిగిన. ఇప్పుడు అరుగు మీద కూసోని దొరికినోనికల్లా ముచ్చట చెప్తుంట. మా గల్లీ కొత్తవాడ దాటినంక, నాలా పక్కన, పల్లంల ఉంటది. మీరు ఎప్పుడన్న వస్తె గుర్తుపట్టుడు అల్కనే. గోడలన్నిటి మీద, మనిషి మెడ ఎత్తున, ఒక్క తీరు మట్టి గీత ఉంటది.

తుఫానుకేదో పేరు పెట్టిండ్రు, నాకు నోరు తిరగది. వాన ఒక్క దినం పడ్డది. నీళ్లు రెండు దినాలున్నయి. మూడో దినం పొద్దుగాల నీళ్లు తీసినయి, అందరం ఎవలిండ్లల్లకు వాళ్లం పోయినం.

నాకు ఇచ్చంత్రం అనిపించింది ఏందంటె, ఎవ్వరు ఏడ్వలే. ఏడుస్తరు, తిట్టుకుంటరు, లీడర్లు వస్తె మీదపడ్తరు అనుకున్న. ఏం లేదు. లోపలికెల్లి తడిసిన పరుపు తెచ్చి బయట పడేసుడు, మల్ల లోపల్కి పోవుడు, బియ్యం బస్తా గుంజుకొచ్చుడు, మల్ల పోవుడు. బియ్యం ఉబ్బి బస్తాలు పగిలి గల్లీ అంతా పులిసిన వాసన. ఆ వాసన గురించి గూడ ఎవ్వరేం అనలే. పెండ్లి ఆల్బములు తీగల మీద ఆరేసిండ్రు. పోటువలల్ల మొకాలు కడుక్కపోయినయి, చీరెల రంగులే మిగిలినయి. వాటి కిందికెల్లి తలకాయలు వంచుకొని తిరిగినం.

ఎదురింటోళ్ల ఫ్రిజ్జు నీళ్లల్ల తేలుకుంట పోయి, మూడిండ్ల అవతల ఒక గుమ్మంల అడ్డం పడ్డది. ఆ ఇంటోళ్లు నాలుగు దినాలు దాని మీదికెల్లి కాలు లేపి దాటుకుంటనే తిరిగిండ్రు. ఇది ఎవలదని అడగలే. ఫ్రిజ్జోళ్లు గూడ ఎతుకలే. అయిదో దినం ఎవలో దాని తలుపు తెరిచి అండ్ల చెప్పులు పెట్టుకున్నరు.

పొద్దుగాల పులిహోర పొట్లం, పొద్దుగూకంగ పులిహోర పొట్లం. ఎవలో పుణ్యాత్ములు ట్రాలీల తెచ్చి పంచిండ్రు. వారం పైన తిన్నం. రుచి ఎట్లుండె అని అడిగితె చెప్పలేను. నా భార్య పూలమ్మ దినాం పొట్లం ఇప్పి, "ఇయ్యాల ఏం వారం?" అని అడిగేది. నేను ఏదో ఒక వారం చెప్పేటోన్ని. ఒకసారి వరుసగ మూడు దినాలు మంగళవారమే చెప్పిన. తల ఊపి తిన్నది. మామూలు మనిషైతె పొట్లం నా నెత్తిన ఏసేది.

పక్కింటి భానుచందర్ ఆటో నడుపుతడు. నలభై ఏండ్లుంటయి. నా ముచ్చట్లకు గల్లీల అందరికంటె ముందు నవ్వేటోడు అతనే. నీళ్లు తీసినంక నాలుగో దినం అతను ఆటో ఇంజను ఇప్పుకొని కూసుంటె, పక్కన పీటేసుకొని ఈ మూడో మెట్టు ముచ్చట మొత్తం చెప్పిన. కట్టె అడ్డం పెట్టింది, నీళ్లు సోంచాయించింది, అన్ని చెప్పిన. చివరిదాక విన్నడు.

"అవునా కాకా" అన్నడు. మల్ల ఇంజన్లకెల్లి బురద తీస్తాండు.

అవునా కాకా! మా ఇంటికి ఉన్నదే ఒక్క మెట్టు. ఆ సంగతి అతనికి నాకంటె ఎక్కువ ఎరుక. ఎందుకంటె నీళ్లు వచ్చిన దినం ఆ మెట్టు మీదికెల్లే నన్ను బియ్యం బస్తా తీర్గ భుజాన ఏసుకొని, మూలకున్న రెండంతస్తుల బిల్డింగు మీదికి ఎక్కించింది అతనే. నీళ్లు అప్పటికి నా గదువ కాడున్నయి. చేతికట్టె ఎటు పోయిందో ఎవలకు ఎరుక. నీళ్లతోని మాట్లాడింది మాత్రం నిజం. "ఆగు" అనలే, "అవ్వో, అవ్వో" అన్న. భానుచందర్ వీపు మీద నేను ఇంకేమన్న చేసిన్నా అంటె, అది గూడ చేసిన. నీళ్లల్ల కలిసిపోయింది కాబట్టి సాక్ష్యం లేదు.

గని అతను నన్ను పట్టుకోలే. "ఏ కాకా, మీ ఇంటికి మూడు మెట్లు ఎప్పుడు మొలిసినయ్" అనలే. అప్పుడు నాకు లోపల జర భయమైంది.

ఇగ రాములవ్వ ముచ్చటకు వస్త.

రాములవ్వది మాకు ఇంకో దిక్కు గోడ. ఆమె పెనిమిటి సమ్మయ్య నాకంటె రెండేండ్లు పెద్ద. నేను అన్న అనేది, అందుకని ఆమె నాకు వదినె. సమ్మన్న ఆషాఢంల పోయిండు. మగ్గం మీద దుప్పటి నేస్తనే ఉన్నడు, ఛాతి పట్టుకొని ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది. వాళ్లది గుంత మగ్గం. ముందు గదిల నేలల గుంత తీసి ఉంటది. నేసేటాయన అంచు మీద కూసోని కాళ్లు గుంతల పెట్టుకొని, అడుగున కర్రలు తొక్కుకుంట నేస్తడు. సమ్మన్న పోయిన నెలకు రాములవ్వ ఆ గుంతల దిగి కూసున్నది. ఆయన ఇడిసిన కాడినుంచి నేసుడు మొదలు పెట్టింది. డెబ్బయ్యేండ్ల మనిషి. ఆమె అంతకుముందు మగ్గం మీద కూసున్నది లేదు. ఆమె పని గంజి.

తెల్వనోళ్లకు చెప్త. నిలువు దారాలను పడుగు అంటరు. మగ్గం ఎక్కకముందు దాన్ని గల్లీల పొడుగ్గ గుంజి కట్టి, గంజి పూసి, మూరెడు కుంచెతోని ఈ కొస నుంచి ఆ కొస దాక దువ్వాలె. ఒక దారం ఇంకో దారానికి అంటుకోవద్దు. అంటుకున్నదా, నేసేటప్పుడు పటపట తెగుతది. రాములవ్వ దువ్విన పడుగు కాడ నిలబడి చూస్తె, వెయ్యి దారాలల్ల మీరు ఏ దారమన్న వేలు పెట్టి లెక్కవెట్టొచ్చు. కొత్తవాడ నుంచి గూడ వచ్చి పిలుచుకపోయేటోళ్లు.

నీళ్లు తీసిన దినం అందరం పొయ్యి ఎతుక్కున్నం, మంచం ఎతుక్కున్నం. రాములవ్వ మగ్గం కడిగింది. ట్యాంకరు కాడినుంచి బిందెలు మోసి మోసి, ముందు మగ్గం కట్టెలన్ని కడిగింది. సగం నేసిన దుప్పటి, ముందర పరుసుకొని ఉన్న పడుగు, అన్నిటిని నీళ్లు పోసి బురద తీసి, ఆరబెట్టి, పాతగుడ్డతోని తుడిసింది. పూలమ్మ పోయి, "అక్కా, ముందు పొయ్యి కాడ సూసుకోరాదె" అంటె, "ఆఁ" అని మల్ల తుడుసుడే. మావోళ్లల్ల అంతే. వంటింట్ల గిన్నె తోముకోకున్నా మగ్గం మీద మురికి ఉండనియ్యరు. నేను మగ్గం దిగి పన్నెండేండ్లయింది, నేను గూడ ఆమె జాగల ఉంటె అదే చేద్దును.

అదే ఆమె చేసిన తప్పు.

అయిదో దినం నేత మగ్గాల నష్టం రాసుకునేటాయన వచ్చిండు. రాసుకున్న మగ్గాలకు సర్కారు కొత్త సామానో, కొత్త మగ్గమో ఇస్తదని అన్నరు. ఆయన బూట్లు ఎందుకు ఇప్పాలె అని గుమ్మంల నిలబడే తొంగి చూసిండు. నేను గోడ పక్కనే ఉన్న, అన్ని వినవడ్డయి.

"మగ్గం సాఫ్‌గానే ఉన్నది గదమ్మా."

రాములవ్వ చేతులున్న పాతగుడ్డ మడత పెట్టింది.

"ఎవరి పేరు మీద ఉన్నది?"

"సమ్మయ్య."

"ఆయన ఏడి?"

"లేడు."

"సరే, వచ్చినంక ఈ నంబరుకు ఫోన్ చెయ్యమను" అని ఒక చీటీ రాసిచ్చి పక్కింటికి పోయిండు.

నేను పోయి, "అట్ల ఊకున్నవేంది వదినె? సమ్మన్న పోయిండని చెప్పద్దా?" అన్న.

"లేడని చెప్పిన గద" అన్నది. చీటీని చేతుల పట్టుకొని చూసింది. దాన్ని తీసి సమ్మన్న పోటువ ఉండే గోడ మొలకు గుచ్చింది. పోటువ నీళ్లల్ల పోయింది, మొల ఉన్నది.

బయటికెల్లి చూస్తె ఆ మగ్గం నిజంగనే సాఫ్‌గ ఉన్నది. లోపల ఏమైందో నేసేటోనికి తెలుస్తది. కట్టె నీళ్లు తాగి ఉబ్బింది. నేసిన బట్ట సుట్టుకునే దోనె తిరుగుతలేదు. పడుగు దారాలు దూర్చి ఉండే పన్నె ఇనుముది, పంటి సందుల్లెక్క తుప్పు పట్టింది. తాళ్లు చేతులకు పుసపుస వస్తానయి.

ఆమె బిడ్డ డోర్నకల్‌ల ఉంటది. అల్లునిది రైల్వే నౌకరి. మంచోడు. వాళ్లు దినాం పూలమ్మ ఫోనుకు ఫోన్ చేసేటోళ్లు. "అమ్మా, మగ్గం చెడిపోయినంక ఆడ ఒక్కదానివి ఏం జేత్తవ్, వచ్చెయ్యి" అని. రాములవ్వ ఫోన్ ఇచ్చేసుకుంట ఒక దినం నాతోని చెప్పింది, "మగ్గం రాసుకుంటె ఉంట యాకయ్యా. రాసుకోకపోతె పోత."

"పోయి ఆడ ఏం జేత్తవ్ వదినె?"

"కూసుంట."

కొంగు దులుపుకొని లోపల్కి పోయింది. ఆ "కూసుంట" నా చెవుల్ల రెండు దినాలున్నది. నీళ్లు వచ్చినంక నాకు తగిలిన మాట అదొక్కటే.

తొమ్మిదో దినం భానుచందర్ కబురు తెచ్చిండు. "రేపు శుక్రారం మల్ల వత్తాండ్లట కాకా. ఇడిసిపెట్టిన మగ్గాలు మల్ల చూస్తరట. ఈసారి మేడమట. పోటువలు కొడ్తదట. పోటువల నష్టం కనవడాలె అంటాండ్లు."

"బురద కనవడాలె" అన్న నేను.

"బురదే."

"అయితె బురద పెడ్దాం."

తొమ్మిది దినాలల్ల అతను నా మొకం దిక్కు సక్కగ చూసింది అప్పుడే. "ఏడున్నది కాకా బురద?"

నిజమే. ఏడున్నది? తొమ్మిది దినాలు పారలతోని ఎత్తినం, బకెట్లతోని పోసినం, మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చి కుప్పలన్ని తీస్కపోయింది. మిగిలింది ఎండి దుమ్మయింది. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాక తిరిగినం, ఒక్క తట్టెడు పచ్చి బురద దొరకలే. ఇగ రెండు తట్టలు ఏసుకొని ఆటోల నాలా కాడికి పోయినం. భానుచందర్ దిగి తోడిండు. నేను ఒడ్డు మీద నిలబడి, "అది కాదు, ఆ నల్లటిది. మనింట్లకొచ్చింది నల్లటిదే" అని చూపెట్టిన. బురద అంగట్ల కూరగాయల్లెక్క ఏరుకున్నం.

రెండు తట్టల బురద వెనక సీటుల పెట్టుకొని ఇద్దరు మొగోళ్లు ఇంటికి తెస్తాంటె ఎవ్వలన్న అడగాలె గదా? అడగలే. అరుగుల మీద కూసున్నోళ్లు చూసిండ్రు. ఒకామె తన బకెట్టు పక్కకు జరిపి తొవ్వ ఇచ్చింది. "ఏంది తాతా, ఇంక సరిపోలేదా?" అని ఒక్కరన్నా ఎక్కిరిస్తె నా పానం జర నిమ్మళమవుతుండె.

రాములవ్వ తట్టలు చూసింది. "మగ్గానికా?"

"పోటువ అయినంక కడుగుదువుగని వదినె. ఒక్క దినం."

మగ్గం దిక్కు చూసింది, తట్ట దిక్కు చూసింది. నేను బురదల చెయ్యి పెట్టబోయిన. నా చెయ్యి పట్టి పక్కకు జరిపింది.

"నువ్వు ఇడువు. నేను పెడ్త."

ఆ దినం బడి కాడ దుప్పట్లు, బకెట్లు పంచుతాండ్రంటె నేను పోయి లైన్ల నిలబడ్డ. నా వంతు వచ్చేటాల్లకు దుప్పట్లు అయిపోయినయి, బకెట్టు ఇచ్చిండ్రు. మా ఇంట్ల అప్పటికే అసోంటియి అయిదున్నయి. అది పట్టుకొని వచ్చేటాల్లకు పొద్దు వంగింది, గని ఎలుగు మంచిగనే ఉన్నది. సక్కగ రాములవ్వ ఇంట్లకు పోయిన.

ఆమె బురదను ఊకె పూయలే. ముందు రాళ్లు, కవర్ల ముక్కలు, గడ్డిపోసలు ఏరి పక్కన కుప్ప పెట్టింది. పాత చీరె గుడ్డ కట్టి బురదను వడగట్టింది. నీళ్లు కలిపి, వేళ్లతోని జారిడిసి సూసి, చిక్కగుంటె ఇంకిన్ని నీళ్లు పోసింది. ఆ పైన గంజి కుంచె తీసింది. నీళ్లల్ల ఎట్ల మిగిలిందో మిగిలింది ఆ కుంచె. పడుగు మీద ఈ కొస నుంచి ఆ కొస దాక, మెల్లెగ, ఆపకుండ, దువ్వుకుంట పోయింది. నేను గుమ్మంల నిలబడి చూస్తుంటె ఆఖరి దువ్వు దువ్వుతాంది. పడుగు మొత్తం మట్టి రంగు. ఏ దారానికి ఆ దారం ఇడిగ నిలబడ్డది. మగ్గం కట్టెలకు గూడ సమంగ ఒక్క పూత.

నేను నేతగాన్ని. చేతుల బకెట్టు కింద పెట్టి, పక్కకు వంగి, కిటికీ ఎలుగుకు పెట్టి చూసిన.

"ఎడమ అంచు కాడ జర పలుసగున్నది వదినె."

"ఏడ?"

"గీడ. జానెడు."

వచ్చి చూసింది. ఇంకోసారి కుంచె ముంచి ఆ జానెడు దువ్వింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సమమైంది."

ఇద్దరం నిలబడి చూసుకున్నం. మంచి పని. తొమ్మిది దినాలు ఎత్తిపోసుడు, పారేసుడే తప్ప, చేతికి ఒక్క పని దొరికింది లేదు. నీళ్లు వచ్చినంక పట్టిన మొదటి పని ఇది. ఆ పని ఏందన్నది ఇద్దరిల ఒక్కరికి గూడ యాదికి రాలే. నేను, "సమ్మన్న ఉంటె సంతోషపడుతుండె" అని గూడ అన్న. ఆమె తల ఊపింది.

శుక్రారం పొద్దుగాల పదకొండు దాటినంక మేడం వచ్చింది. మేడమంటె ముప్పయ్యేండ్ల పిల్ల. భవాని అని మెడల కార్డు ఏలాడుతాంది, పేరు ఆమెనే చెప్పింది. కాళ్లకు హవాయి చెప్పులు. నీళ్లల్ల నాని నాని మడిమలు తెల్లగ పగిలి ఉన్నయి. చెప్పులు ఇప్పి సక్కగ లోపల్కి వచ్చింది. రాములవ్వ గోడకు ఒరిగి నిలబడ్డది. భానుచందర్ కిటికీ బయట. నేను మగ్గం పక్కన. సాక్ష్యం చెప్పేటోన్ని కదా, తెల్లంగి ఏసుకున్న. అప్పిచ్చింది భానుచందర్, నాకు మోకాళ్ల దాక ఉన్నది.

భవాని పోటువ కొట్టబోయి ఫోన్ దించింది. వంగి చూసింది. వేలితోని పడుగు మీద అడ్డంగ ఒకసారి రాసింది. దారాలు టిరటిరమని ఒకదాని వెనక ఒకటి లేసినయి.

"దీన్ని ఎవరు దువ్విండ్రు?"

అప్పుడు నాకు కనవడ్డది. నిన్న కండ్లార చూసింది అప్పుడు కనవడ్డది. గని నా నోరు నాకంటె ముందుంటది.

"నీళ్లే దువ్వినయి బిడ్డా. మా నాలా నీళ్లకు పద్ధతి ఎక్కువ. కొత్తవాడ మీదికెల్లి వస్తయి గదా, నాలుగు గల్లీల మగ్గాలు చూసుకుంట, నేర్చుకుంట వస్తయి. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క తీర్గ..."

"తాతా."

"...పోయేటప్పుడు మల్ల ఆ కొస నుంచి ఈ కొసకు..."

"తాతా. నీళ్లు బొట్టు గూడ పెట్టినయా?"

చూసిన. మగ్గానికి నిలువుగ నిలబెట్టిన నిట్టాడు కట్టెకు, బురద పూత మీద, పసుపు రాసి కుంకుమ బొట్టు. అచ్చం నడిమిట్ల. పడుగుకు కుంచె పెట్టుడు అయినంక మగ్గానికి బొట్టు పెట్టుడు మా రివాజు. నేను ఇంటికి పోయినంక పెట్టినట్టుంది. యాభయ్యేండ్ల చెయ్యి, దానికి ఎవలు చెప్పాలె?

నా నోరు మూత పడ్డది. జన్మల అట్లయింది రెండోసారి. మొదటిసారి నీళ్లు మూసినయి.

భవాని నవ్వలే. కోపం గూడ చెయ్యలే. గడప మీద కూసున్నది. "పొద్దటినుంచి ముప్పయి ఇండ్లు తిరిగిన తాతా. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటనే ఉన్న. అది నిజమా కాదా అని చూసే ఓపిక గూడ లేదు నాకు. మా ఇంట్లకు గూడ వచ్చినయి నీళ్లు. నేనింక ఇల్లు కడగనే లేదు. పొద్దుగాల లేచి మీ ఇండ్లు రాసుడు, పోయి పండుడు." కొంచెం ఆగింది. "గని దీన్ని నేను ఏమని రాయాలె?"

బయట ట్యాంకరు వచ్చినట్టుంది, బిందెల సప్పుడు. భానుచందర్ గూడ కదలలే.

"కడిగిన బిడ్డా" అన్నది రాములవ్వ. "నీళ్లు తీసిన దినమే కడిగిన. నిన్న మల్ల నేనే పెట్టిన. వీళ్లదేం లేదు."

"ఎందుకు కడిగినవ్ అవ్వా? ఎవరన్న కడుగుతరా, రాసుకునేటోళ్లు రాకముందు?"

రాములవ్వ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. "మగ్గం గద" అన్నది.

భవాని లేచింది. "మరి ఖరాబేమైంది? అది చూపెట్టు."

రాములవ్వ చీరె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని గుంత అంచు మీద కూసోని కాళ్లు లోపల పెట్టింది. గుంతల నీళ్లున్నయి, పిక్కల దాక. భూమిలకెల్లి ఊరుతానయి. ఆమె దినాం పొద్దుగాల చెంబుతోని ఎత్తిపోస్తది, పొద్దుగూకేటాల్లకు మల్ల ఊరుతయి. మాకెవ్వలకు చెప్పలే ఆ సంగతి. ఆమె నీళ్లల్ల కాళ్లు పెట్టి, అడుగున కర్ర తొక్కింది. దిగలే. దోనె మీద రెండు చేతులేసి బలంగ గుంజింది. కట్టె కిర్రుమన్నది, తిరగలే. అడ్డం దారం మోసే నాడె ఇసిరే తాడు గుంజింది. తాడు తెగి చేతులకొచ్చింది. దాన్ని ఒళ్లె పెట్టుకున్నది. పన్నె మీద వేలు రాసి, ఎర్రగైన వేలు భవానికి చూపెట్టింది.

"ఇది దిగది. ఇది తిరగది. ఇది తుప్పు."

దవాఖానల నర్సు మందులు చెప్పినట్టు చెప్పింది, ఒకటి తర్వాత ఒకటి.

భవాని గుంత పోటువ కొట్టింది. దోనె, పన్నె, తెగిన తాడు, అన్ని కొట్టింది. పడుగు దిక్కు ఫోన్ తిప్పలే. "అది వద్దు. అది చూస్తె నన్ను అడుగుతరు. నా కాడ జవాబు లేదు" అన్నది. ఫోన్ల ఏదో చూసుకుంట, "మగ్గం సమ్మయ్య పేరు మీదున్నది. ఉన్నడా ఆయన?"

"లేడు."

భవాని ఫోన్ మీదికెల్లి తలకాయ ఎత్తింది. "ఎప్పుడు అవ్వా?"

"ఆషాఢంల."

"అప్పటినుంచి ఎవరు నేస్తాండ్రు?"

"నేనే."

"నేత కార్డు ఉన్నదా నీ పేరు మీద?"

"ఆయనది ఉండె. నీళ్లల్ల పోయింది. నాది లేకుండె."

"ఫోన్ల నేతగాని పేరు కొట్టే డబ్బల పాత పేరే వస్తాంది" అన్నది భవాని, ఆమెలో ఆమె. "మార్చనిస్తదో లేదో. మార్చినా పైనోళ్లు ఉంచుతరో లేదో." పెదవి కొరుక్కుంట ఫోన్ మీద చానాసేపు కొట్టింది. ఒకసారి నెట్టు పోయిందని వాకిట్లకు పోయి చెయ్యి పైకెత్తి నిలబడ్డది. మల్ల వచ్చి కొట్టింది. రాములవ్వ గుంతల కాళ్లు తియ్యకుండ అట్లనే కూసున్నది. ఆమెకు సదువు రాదు.

"చూడు తాతా, సరిగ్గనే ఉన్నదా?" అని భవాని ఫోన్ నా దిక్కు తిప్పింది.

వంగి చూసిన. *రాములవ్వ. నేత పని.* ఒక్కొక్క అక్షరం, ఒత్తుతోని సహా, ముత్యంలెక్క ఉన్నది.

"బరాబర్ ఉన్నది బిడ్డా" అన్న. రాములవ్వ దిక్కు తిరిగి, "నీ పేరే వదినె" అన్న.

"అయితె ఉంట" అన్నది ఆమె.

భవాని చెప్పులు తొడుక్కొని ఇంకో ఇంటికి పోయింది. రాములవ్వ కాళ్లు తుడుసుకున్నది. నేను తెచ్చిన కొత్త బకెట్టు ఆడనే ఉండె, అది తీస్కొని ట్యాంకరు కాడికి పోయి నీళ్లు తెచ్చి, మగ్గం కడుగుడు మొదలుపెట్టింది. ముందు బొట్టు దగ్గర ఆగింది. దాన్ని ఇడిసిపెట్టి సుట్టూ కడిగింది.

ఇంత చెప్పినంక, ఈ ముచ్చటల అబద్ధమేదో నేనే ఒప్పుకోవాలె. మూడు మెట్ల సంగతి ముందే ఒప్పుకున్న, అది లెక్కల పట్టకుండ్రి. మీరు కుంచె ముచ్చట కల్పించిన అనుకుంటరు. కాదు, కావాలంటె వచ్చి పడుగు చూడుండ్రి, సందులల్ల ఇంక మట్టి ఉన్నది. బొట్టు నిజం. ఆటోల బురద తెచ్చింది నిజం. చెప్పుల ఫ్రిజ్జు నిజం.

నేను కల్పించింది ఒక్కటే, ఫోన్ల ఆ పేరు సదివిన్నని చెప్పింది. నా సదివే అద్దాలు నీళ్లల్ల పోయినయి. ఆ ఫోన్ల నాకు కనవడ్డది తెల్లటి ఎలుగు, అండ్ల ఒక నల్లటి గీత. రాములవ్వ అని ఉన్నదో, సమ్మయ్య అనే ఉన్నదో, మొత్తానికే ఏం లేదో నాకు తెల్వదు. కనవడ్తలేదు బిడ్డా అంటె అయిపోతుండె. అనలే. ఇప్పటికి రెండు నెల్లయింది, ఆఫీసుకెల్లి మనిషి రాలే, కబురు రాలే. రాములవ్వ డోర్నకల్ పోలే. పొద్దుగాల గుంతల నీళ్లు ఎత్తిపోస్తది, మగ్గం తుడుస్తది, గడప మీద కూసుంటది. ఆమెకు ఈ సంగతి నేనింక చెప్పలే. మీరు గూడ చెప్పకుండ్రి.